హెరాల్డ్ బెవరేజ్

హెరాల్డ్ హెన్రీ బెవరేజ్ (అక్టోబరు 14, 1893 - జనవరి 27, 1993) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రేడియో ఇంజనీరు, పరిశోధకుడు. దూరదేశాల నుండి వచ్చే బలహీనమైన రేడియో సంకేతాలను ఆకాశపు రొద నుండి వేరుచేసి వినడానికి ఉపకరించే 'తరంగ ఆంటెనా'ను ఈయన కనుగొన్నాడు. అదే తరువాతి కాలంలో ఆయన పేరుమీదుగా బెవరేజ్ ఆంటెనాగా ప్రసిద్ధి చెందింది. రేడియో సంకేతాలు ఉన్నట్టుండి క్షీణించే సమస్యకు పరిష్కారంగా వచ్చిన వైవిధ్య గ్రహణ పద్ధతి రూపకర్తలలో కూడా ఈయన ఒకడు. ఆంగ్లంలో బెవరేజ్ అంటే పానీయం అని అర్థం ఉన్నందున ఈ ఆంటెనా పేరు విన్న విద్యార్థులు కొంత తికమక పడుతుంటారు. ఇది కేవలం ఇంటిపేరు, పానీయాలతో దీనికి ఏ సంబంధమూ లేదు.

జననం, విద్య

బెవరేజ్ 1893లో మెయిన్ రాష్ట్రంలోని నార్త్ హేవెన్ అనే ద్వీపంలో జన్మించాడు. పెనాబ్‌స్కాట్ అఖాతంలో ఉన్న ఈ చిన్న ద్వీపానికి పడవ మీదనే చేరుకోవాలి. ఆయన బాల్యంలోనే మార్కోనీ అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా తొలి సంకేతాన్ని అందుకున్న వార్త (1901) లోకమంతా పాకింది. తీగ లేకుండా వార్తలు పంపడం ఆనాటి యువకులను ఎంతగానో ఆకర్షించిన విద్య. బెవరేజ్ మెయిన్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివి 1915లో పట్టభద్రుడయ్యాడు. తరువాత షెనెక్టడీ పట్టణంలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో చేరి, 1916 నుండి ప్రసిద్ధ ఇంజనీరు ఎర్నస్ట్ అలెగ్జాండర్‌సన్ వద్ద రేడియో ప్రయోగశాలలో సహాయకునిగా పనిచేశాడు.

అలెగ్జాండర్‌సన్ శిష్యరికం బెవరేజ్ జీవితాన్ని మలుపు తిప్పింది. ఖండాంతరాలకు సంకేతాలు పంపగల భారీ ఆల్టర్నేటర్ యంత్రాన్ని రూపొందించినవాడు అలెగ్జాండర్‌సన్. ఆ యంత్రంతో పంపే పని చాలావరకు సుగమమైంది. అయితే అవతలి ఒడ్డున వినే పని మాత్రం సుగమం కాలేదు. బెవరేజ్ జీవితకాలపు కృషి అంతా ఈ రెండవ సగానికి సంబంధించినదే.

రొద సమస్య

1910లలో అట్లాంటిక్ మీదుగా నడిచే రేడియో టెలిగ్రాఫుకు 10,000 మీటర్లకు పైబడిన తరంగదైర్ఘ్యాలను వాడేవారు. ఈ దీర్ఘ తరంగాలు సముద్రాలను దాటగలవు గాని, వాటితోపాటే ఉరుములు మెరుపుల నుండి పుట్టే విద్యుత్ రొద కూడా వేల మైళ్ళు ప్రయాణించి వస్తుంది. వేసవి సాయంత్రం ఎక్కడో దూరాన మెరుపు మెరిసినపుడు మీడియం వేవ్ రేడియోలో టపటపమనే చప్పుడు వినబడడం చాలామందికి అనుభవమే. దీర్ఘ తరంగాలలో ఆ చప్పుడు ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. దీనిని ఆనాటి ఇంజనీర్లు స్టాటిక్ అనేవారు. వేసవి నెలలలో, ముఖ్యంగా మధ్యాహ్నం దాటిన తరువాత, ఐరోపా నుండి వచ్చే తంతివార్తలు గంటల తరబడి చదవడానికి వీలులేకుండా పోయేవి. ప్రతి పదానికీ రుసుము వసూలు చేసే వ్యాపారంలో ఇది పెద్ద నష్టం. సముద్ర గర్భపు కేబుళ్ళతో పోటీపడవలసిన రేడియోకు స్టాటిక్ ప్రధాన శత్రువుగా ఉండేది.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గ్రహించాలి. సంకేతం బలహీనంగా ఉన్నదని రిసీవరు వర్ధకాన్ని పెంచితే లాభం లేదు. సంకేతం ఎంత పెరిగితే రొద కూడా అంతే పెరుగుతుంది. లెక్కకు వచ్చేది సంకేతపు పరిమాణం కాదు, సంకేతానికీ రొదకూ మధ్య ఉండే నిష్పత్తి. తిరునాళ్ళ గోలలో ఎదుటివాని మాట వినబడకపోతే మనం చెవి పక్కన చేయి దొప్పలాగ పెట్టి అటువైపు తిరుగుతాము. అలా చేసినందువల్ల ఆ మాట పెద్దది కాలేదు, వెనుకవైపు గోల తగ్గింది. రేడియోకు కూడా అటువంటి దొప్ప ఒకటి కావలసి వచ్చింది.

ఈ దిశలో చాలామంది ప్రయత్నించారు. వీరిలో రాయ్ వీగంట్ అనే ఇంజనీరు ప్రత్యేకంగా పేర్కొనదగినవాడు. స్టాటిక్ నడినెత్తి నుండి కిందికి దిగుతుందని ఆయన సిద్ధాంతం. అందువలన దూరదూరంగా నిలిపిన రెండు పెద్ద చుట్టు ఆంటెనాలకు అది ఒకేసారి తగులుతుందని, ఒకదానిలోనుండి మరొకటి తీసివేస్తే రొద పోయి సంకేతం మిగులుతుందని ఆయన భావించాడు. 1919లో ఈ పద్ధతికి పత్రికలలో విశేష ప్రచారం లభించింది. దాని ఆధారమైన ఊహ మాత్రం సరియైనది కాదు. రొద నేలకు సమాంతరంగా, సంకేతాల వలెనే, ఏదో ఒక దిక్కు నుండి వస్తుంది. అమెరికా తూర్పు తీరానికి అది అధికంగా నైరుతి నుండి, అంటే మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాల ఉష్ణమండల తుఫానుల నుండి వస్తుంది. ఐరోపా సంకేతాలు వచ్చేది ఈశాన్యం నుండి. రెండూ దాదాపు ఎదురెదురు దిక్కులు కావడం అమెరికన్ ఇంజనీర్ల అదృష్టమనే చెప్పాలి. ఈశాన్యానికి మాత్రమే చెవి ఒగ్గి, నైరుతికి చెవిటిదైన ఆంటెనా దొరికితే సమస్య చాలావరకు తీరినట్లే.

ఆటర్ క్లిఫ్స్ ప్రయోగాలు

మెయిన్ తీరంలో మౌంట్ డెజర్ట్ ద్వీపం మీద ఆటర్ క్లిఫ్స్ అనే చోట అమెరికా నౌకాదళానికి ఒక రేడియో కేంద్రం ఉండేది. అలెస్సాండ్రో ఫాబ్రి అనే సంపన్నుడు నెలకొల్పి మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నౌకాదళానికి అప్పగించిన ఈ కేంద్రం ఐరోపా సంకేతాలను స్పష్టంగా అందుకోవడంలో పేరుపొందింది. (1930లలో ఈ కేంద్రాన్ని సమీపంలోని స్కూడిక్ ద్వీపకల్పానికి తరలించారు. ఆటర్ క్లిఫ్స్ నేడు అకేడియా జాతీయ వనంలో భాగం.) 1919లో బెవరేజ్ ఇక్కడ నేలకు దగ్గరగా పరచిన పొడవాటి తీగలతో ప్రయోగాలు చేశాడు.

అంతకు ముందు ఆంటెనా అనగానే ఎత్తైన స్తంభం గుర్తుకు వచ్చేది. ఎంత ఎత్తు కడితే అంత మంచిదని అందరి నమ్మకం. బెవరేజ్ తీగలు మాత్రం నేలను అంటిపెట్టుకొని మైళ్ళ పొడవున సాగాయి. అటువంటి తీగ ముందు వెనుక దిక్కులు రెండింటినీ సమానంగా వింటుందని అనుకునేవారు. అయితే తీగ చివరను తగిన నిరోధం ద్వారా భూమికి కలిపితే అది ఒక దిక్కును మాత్రమే వింటున్నదని బెవరేజ్ గమనించాడు. ఈ పరిశీలనే ఆయన కీర్తికి మూలం. 1920 ఏప్రిల్‌లో ఆయన పేటెంటుకు దరఖాస్తు చేయగా, 1921 జూన్ 7న 1,381,089 సంఖ్యగల అమెరికా పేటెంటు మంజూరయింది.

జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలోనే పనిచేస్తున్న చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఈ ఆంటెనా సిద్ధాంతాన్ని గణితపరంగా నిరూపించడంలో బెవరేజ్‌తో కలిసి కృషి చేశారు. ముగ్గురూ కలిసి రాసిన సుదీర్ఘ పత్రం 1923లో అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ పత్రికలో వెలువడింది. ఆంటెనాల సాహిత్యంలో నేటికీ చదవదగిన పత్రాలలో ఇది ఒకటి. రైస్, కెలాగ్‌లు ఆ తరువాత 1925లో ప్రకటించిన లౌడ్‌స్పీకరు నమూనాయే నేటి స్పీకర్లకు మాతృక కావడం మరొక విశేషం.

ఆంటెనా పనిచేయు విధానం

ఈ ఆంటెనా ఎందుకు పనిచేస్తుందో తెలుసుకుంటే బెవరేజ్ ఆలోచనలోని గొప్పదనం అర్థమవుతుంది. రేడియో తరంగం నేల మీదుగా ప్రయాణిస్తున్నపుడు దాని విద్యుత్ క్షేత్రం సాధారణంగా నిటారుగా ఉంటుంది. నేల మంచి విద్యుద్వాహకం కాకపోతే తరంగపు అడుగుభాగం నేలలో కొంత శక్తిని కోల్పోయి వెనుకబడుతుంది. బురదలో నడిచేవాని కాళ్ళు వెనుకబడి శరీరం ముందుకు వంగినట్లు తరంగం కూడా ముందుకు వాలుతుంది. ఇలా వాలిన క్షేత్రంలో ఒక చిన్న భాగం నేలకు సమాంతరంగా, తరంగం సాగే దిశలో ఉంటుంది. తీగలో విద్యుత్తును పుట్టించేది ఈ చిన్న భాగమే.

తీగను తరంగం సాగే దిశలోనే పరచినపుడు, తరంగమూ తీగలో పుట్టిన విద్యుత్తూ పక్కపక్కన దాదాపు ఒకే వేగంతో ప్రయాణిస్తాయి. అడుగడుగునా తరంగం ఆ విద్యుత్తుకు కొంచెం కొంచెం జతచేస్తూ పోతుంది. వాగు దిగువకు పోయేకొద్దీ పిల్లకాలువలు వచ్చి కలిసి పెద్దదైనట్లు, తీగ అవతలి చివరకు చేరేసరికి సంకేతం తగినంత బలపడుతుంది. రిసీవరును ఆ చివర ఉంచుతారు. ఎదురు దిక్కు నుండి వచ్చే రొద కూడా ఇదే విధంగా బలపడుతుంది గాని, అది చేరేది మొదటి చివరకు. అక్కడ తీగకు, భూమికి మధ్య తీగ స్వభావసిద్ధ అవరోధానికి సమానమైన నిరోధం కలిపి ఉంటుంది. ఆ నిరోధంలో రొద వేడిగా మారి అంతరించిపోతుంది. నిరోధం లేకపోతే అది గోడకు కొట్టిన బంతివలె వెనుదిరిగి రిసీవరు వద్దకే వస్తుంది. పక్కల నుండి వచ్చే తరంగాలు తీగలోని వేర్వేరు చోట్ల వేర్వేరు దశలలో విద్యుత్తును పుట్టించి ఒకదానినొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి.

నేల ఎంత నాసిరకం విద్యుద్వాహకమైతే ఈ ఆంటెనా అంత బాగా పనిచేస్తుంది. ఇసుకనేల, రాతినేల దీనికి అనుకూలం. సముద్రపు నీటి మీద, ఉప్పు కయ్యల మీద తరంగం వాలదు గనుక అక్కడ ఇది దాదాపు నిరుపయోగం. ఇతర ఆంటెనాలకు లోపంగా పరిణమించేది దీనికి బలమైంది. అలాగని తీగను ఎంతైనా పొడిగించవచ్చునని అనుకోరాదు. తీగలోని విద్యుత్తు గాలిలోని తరంగం కంటే కొంచెం నెమ్మదిగా సాగుతుంది. పొడవు మరీ ఎక్కువైతే రెండింటికీ అడుగులు కలవక లాభానికి బదులు నష్టం మొదలవుతుంది.

శక్తిపరంగా చూస్తే ఇది చాలా అసమర్థమైన ఆంటెనా. దీనితో సంకేతాలు పంపడానికి పూనుకుంటే శక్తిలో అధికభాగం నేలలోను, నిరోధంలోను వృథా అవుతుంది. వినడానికి మాత్రం ఈ నష్టం అడ్డు కాదు. దీర్ఘ తరంగాలలో ఆకాశపు రొద రిసీవరు సొంత రొద కంటే ఎంతో ఎక్కువ. ఆంటెనాలో సంకేతమూ రొదా రెండూ తగ్గినా వాటి నిష్పత్తి చెడదు, తగ్గినదాన్ని వర్ధకంతో తిరిగి పెంచుకోవచ్చు. పంపే ఆంటెనాకూ వినే ఆంటెనాకూ కావలసిన గుణాలు వేరని ఇంత స్పష్టంగా ఆచరణలో చూపినవారు అంతకు ముందు లేరనవచ్చు.

రివర్‌హెడ్ కేంద్రం

1919లో జనరల్ ఎలక్ట్రిక్ చొరవతో రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా (ఆర్.సి.ఏ.) ఏర్పడింది. 1920లో బెవరేజ్ ఆ సంస్థకు మారి, న్యూయార్క్ సమీపంలోని లాంగ్ ఐలాండ్‌లో రివర్‌హెడ్ వద్ద ఖండాంతర వార్తలను అందుకునే రిసీవర్ల అభివృద్ధి బాధ్యత చేపట్టాడు. ఇసుకనేల, దేవదారు జాతి పొదలు తప్ప పెద్దగా జనసంచారం లేని ప్రాంతమది. అక్కడ సుమారు 9 మైళ్ళ పొడవైన తరంగ ఆంటెనాను టెలిఫోను స్తంభాల వంటి స్తంభాల మీద నిర్మించారు. ఆనాడు వాడే తరంగదైర్ఘ్యాలతో పోల్చితే ఈ పొడవు దాదాపు ఒక తరంగానికి సమానం. చూడడానికి అది మామూలు టెలిఫోను లైను వలెనే ఉండేది.

ఆ లైనులో ఒకటికి బదులు రెండు తీగలు వాడడం గమనార్హం. రెండు తీగలూ కలిసి ఆంటెనాగా సంకేతాన్ని సేకరిస్తాయి. దూరపు చివర ఉన్న ట్రాన్స్‌ఫార్మరు ఆ సంకేతాన్ని తిప్పి, అవే రెండు తీగల మీదుగా జంటతీగల లైనులో వలె వెనుకకు పంపుతుంది. దీనివల్ల రిసీవరూ, రొదను హరించే నిరోధమూ రెండూ ఒకే గదిలో ఉంటాయి. రొద వచ్చే దిక్కును బట్టి ఆపరేటరు కుర్చీలో నుండి లేవకుండా సర్దుబాట్లు చేసుకోవచ్చు. పైగా ఒకే ఆంటెనా నుండి అనేక రిసీవర్లు ఒకేసారి వేర్వేరు ఐరోపా కేంద్రాలను వినేవి. అందిన సంకేతాలు తీగల ద్వారా న్యూయార్క్ నగరంలోని బ్రాడ్ స్ట్రీట్ కార్యాలయానికి చేరేవి. పంపే పని సమీపంలోని రాకీ పాయింట్ కేంద్రానిది. దానిని 1921 నవంబరులో ప్రారంభించారు.

మెయిన్ రాష్ట్రంలోని బెల్‌ఫాస్ట్, న్యూజెర్సీలోని బెల్మార్, మసాచుసెట్స్‌లోని చాతమ్ కేంద్రాలలో కూడా ఇటువంటి ఆంటెనాలు వెలిశాయి. 1927 జనవరిలో న్యూయార్క్, లండన్ నగరాల మధ్య మొదటి వాణిజ్య రేడియో టెలిఫోను సర్వీసు ప్రారంభమైనపుడు, అమెరికా వైపు మాటలు వినడానికి అమెరికన్ టెలిఫోన్ అండ్ టెలిగ్రాఫ్ సంస్థ మెయిన్‌లోని హౌల్టన్ వద్ద నాలుగు బెవరేజ్ ఆంటెనాల సముదాయాన్ని వాడింది. ఒక్కొక్కటి సుమారు 3 మైళ్ళ పొడవు. మూడు నిమిషాల సంభాషణకు 75 డాలర్లు వసూలు చేసిన ఆ సర్వీసు ఆ నేలబారు తీగలపై ఆధారపడి నడిచింది.

ఆర్డ్రోసన్ గుడారం

బెవరేజ్ ఆంటెనాకు ఔత్సాహిక రేడియో, అంటే హామ్ రేడియో, చరిత్రలో శాశ్వత స్థానం కల్పించిన సంఘటన 1921 డిసెంబరులో స్కాట్లండులో జరిగింది. 1912 నాటి అమెరికా చట్టం ఔత్సాహికులను 200 మీటర్లు, అంతకంటే తక్కువ తరంగదైర్ఘ్యాలకు పరిమితం చేసింది. ఆ తరంగాలు దూరప్రయాణానికి పనికిరావని నిపుణుల అభిప్రాయం. ఒకవిధంగా అది ఎవరికీ అక్కరలేని బంజరును పేదలకు పంచినట్లే. ఆ బంజరు మీదుగా అట్లాంటిక్‌ను దాటగలమని నిరూపించడం ఔత్సాహికులకు గౌరవ సమస్య అయింది. 1921 ఆరంభంలో జరిగిన తొలి ప్రయత్నంలో బ్రిటన్‌లో ఎవరికీ అమెరికన్ సంకేతాలు నిశ్చయంగా వినబడలేదు. లోపం అవతలి ఒడ్డున వినేవారి పరికరాలలో ఉన్నదని అమెరికన్ రేడియో రిలే లీగ్ భావించి, రిసీవర్ల తయారీలో నేర్పరి అయిన పాల్ గాడ్లీని ఓడలో బ్రిటన్‌కు పంపింది.

గాడ్లీ మొదట లండన్ సమీపంలో ప్రయత్నించి చూశాడు. అక్కడి పరిస్థితులు సంతృప్తి కలిగించకపోవడంతో స్కాట్లండు పడమటి తీరంలోని ఆర్డ్రోసన్‌కు చేరుకున్నాడు. సముద్రపు ఒడ్డున ఒక పొలంలో గుడారం వేసి, అందులో రిసీవర్లు అమర్చి, సుమారు 1300 అడుగుల పొడవైన బెవరేజ్ తీగను దాదాపు 12 అడుగుల ఎత్తులో కర్రల మీద కట్టాడు. చలి, వాన, ఈదురుగాలి మధ్య రాత్రుల తరబడి ఆయన, సాక్షిగా వచ్చిన మార్కోనీ సంస్థ తనిఖీదారు చెవులకు ఫోనులు తగిలించుకొని కూర్చున్నారు. రివర్‌హెడ్‌లో 9 మైళ్ళ పొడవున్న ఆంటెనా ఇక్కడ పావు మైలుకు కుదించుకుపోయినా, తరంగదైర్ఘ్యం కూడా ఎన్నో రెట్లు తగ్గింది గనుక నిష్పత్తి సరిపోయింది.

డిసెంబరు రెండవ వారంలో అమెరికన్ ఔత్సాహికుల సంకేతాలు ఒకటొకటిగా వినబడసాగాయి. కనెక్టికట్‌లోని గ్రీనిచ్ నుండి 1బి.సి.జి. అనే కేంద్రం సుమారు 230 మీటర్ల తరంగం మీద పంపిన సందేశం పూర్తిగా అందింది. ఔత్సాహికులు అట్లాంటిక్‌ను దాటించిన మొదటి సంపూర్ణ సందేశం ఇదే. ఆ కేంద్రాన్ని నిర్మించిన బృందంలో తరువాత ఎఫ్.ఎం. రేడియోను రూపొందించిన ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా ఉన్నాడు. పరీక్షలు ముగిసేలోగా గాడ్లీ దాదాపు ముప్పది అమెరికన్ కేంద్రాలను విన్నాడు. కొందరు బ్రిటిష్ ఔత్సాహికులు కూడా తమ ఇళ్ళలోని ఆంటెనాలతో కొన్నింటిని వినగలిగారు కనుక ఘనత మొత్తం బెవరేజ్ తీగకే చెందుతుందని చెప్పడం అతిశయోక్తి అవుతుంది. అయినా అంత స్పష్టంగా, అన్ని కేంద్రాలను వినడానికి ఆ తీగ, గాడ్లీ నైపుణ్యం రెండూ కారణాలు. ఈ విజయం తరువాత ఔత్సాహికులు ఇంకా పొట్టి తరంగాల వైపు సాగి, 1923 నవంబరులో ఫ్రాన్సుతో రెండువైపులా సంభాషించారు. నిపుణులు బంజరు అనుకున్న ఆ తరంగాల కోసమే కొన్నేళ్ళలో వాణిజ్య సంస్థలన్నీ పోటీపడ్డాయి. బెవరేజ్ కూడా స్వయంగా 2బి.ఎం.ఎల్. అనే సంకేత నామంతో ఔత్సాహిక కేంద్రం నడిపినవాడే.

వైవిధ్య గ్రహణం

వాణిజ్య వార్తలు హ్రస్వ తరంగాలకు మారేసరికి రొద కొంత తగ్గింది, కొత్త బెడద వచ్చింది. అయనావరణం నుండి పరావర్తనం చెంది వేర్వేరు దారులలో వచ్చే తరంగాలు ఒకసారి కలిసి బలపడి, మరొకసారి కొట్టివేసుకొని సంకేతాన్ని పూర్తిగా మాయం చేస్తాయి. దీనినే క్షీణత లేదా ఫేడింగ్ అంటారు. ఒకచోట సంకేతం క్షీణించిన క్షణంలోనే కొద్దిదూరంలో ఉన్న మరొక ఆంటెనాలో అది బాగా ఉంటున్నదని బెవరేజ్, ఆయన సహచరుడు హెరాల్డ్ పీటర్సన్ గ్రహించారు. దాని ఆధారంగా ఎడం ఎడంగా నిలిపిన మూడు ఆంటెనాలకు మూడు రిసీవర్లు కలిపి, ఏ క్షణంలో ఏది బలంగా ఉంటే అది ఉపయోగపడేలా ఒక పద్ధతిని రివర్‌హెడ్‌లో అభివృద్ధి చేశారు. దీని వివరాలు 1931లో రేడియో ఇంజనీర్ల సంస్థ పత్రికలో ప్రచురితమయ్యాయి. మొబైల్ ఫోను స్తంభాల మీద, ఇంటిలోని వైఫై పెట్టెల మీద ఒకటికి మించి ఆంటెనాలు ఉండడానికి గల కారణాలలో ఈ సూత్రం ఒకటి.

పదవులు, పురస్కారాలు

బెవరేజ్ 1929 నుండి 1940 వరకు ఆర్.సి.ఏ. కమ్యూనికేషన్స్ సంస్థకు ముఖ్య పరిశోధక ఇంజనీరుగా, ఆ తరువాత పరిశోధన, అభివృద్ధి శాఖల ఉపాధ్యక్షునిగా పనిచేశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా యుద్ధ శాఖకు సమాచార వ్యవస్థల విషయంలో సలహాదారుగా వ్యవహరించాడు. 1958లో పదవీ విరమణ చేసిన తరువాత కూడా సలహాదారుగా కొనసాగాడు. ఆయన పేరు మీద నలభైకి పైగా పేటెంట్లు ఉన్నాయి.

రేడియో ఇంజనీర్ల సంస్థ 1923లో లీబ్‌మన్ స్మారక బహుమతిని, 1945లో తన అత్యున్నత పురస్కారమైన గౌరవ పతకాన్ని ఆయనకు ప్రదానం చేసింది. 1937లో ఆ సంస్థకు ఆయన అధ్యక్షుడు. రేడియో క్లబ్ ఆఫ్ అమెరికా 1938లో ఆర్మ్‌స్ట్రాంగ్ పతకంతో సత్కరించింది. అమెరికన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ నుండి లామ్ పతకం కూడా ఆయనకు లభించింది. ఇన్ని గౌరవాలు పొందినా, మార్కోనీ, ఆర్మ్‌స్ట్రాంగ్‌ల పేర్లు తెలిసినంతగా ఆయన పేరు సామాన్య ప్రజలకు తెలియదు. వినే పనికి పంపే పనికున్నంత ఆర్భాటం ఉండదు కాబోలు.

1993 జనవరి 27న న్యూయార్క్ రాష్ట్రంలో తన 99వ ఏట బెవరేజ్ మరణించాడు. అప్పటికే రివర్‌హెడ్ కేంద్రం చరిత్రలో కలిసిపోయింది. ఉపగ్రహాల రాకతో ప్రాధాన్యం కోల్పోయిన రివర్‌హెడ్, రాకీ పాయింట్ భూములను ఆర్.సి.ఏ. 1978లో ఒక డాలరు నామమాత్రపు ధరకు న్యూయార్క్ రాష్ట్రానికి అప్పగించింది. అవి నేడు రక్షిత అడవులు.

ఔత్సాహికుల వాడుక, పొట్టి ఆంటెనాలు

వాణిజ్య సంస్థలు వదిలివేసిన బెవరేజ్ తీగను ఔత్సాహికులు వదలలేదు. వారికి కేటాయించిన పట్టీలలో 160 మీటర్లు (సుమారు 1.8 మెగాహెర్ట్జ్), 80 మీటర్లు (సుమారు 3.5 మెగాహెర్ట్జ్) దిగువ పట్టీలుగా పరిగణింపబడతాయి. వీటిలో దూరదేశాలు వినబడేది రాత్రిపూట మాత్రమే. ముఖ్యంగా సూర్యోదయ, సూర్యాస్తమయ వేళల్లో కొద్ది నిమిషాల సేపు ఖండాంతర సంకేతాలు పైకి తేలి మళ్ళీ మునిగిపోతాయి. సంకేతాలు పంపే ఎత్తైన నిలువు ఆంటెనాతోనే వినబోతే అది అన్ని దిక్కుల రొదనూ సమానంగా మోసుకువస్తుంది. అందువల్ల పంపడానికి ఒక ఆంటెనా, వినడానికి మరొకటి ఉంచుకోవడం ఈ పట్టీలలో ఆచారమైంది. 160 మీటర్లలో వాడే బెవరేజ్ తీగ సాధారణంగా 150 నుండి 300 మీటర్ల పొడవుంటుంది. దానిని రెండు మూడు మీటర్ల ఎత్తులో కట్టి, చివర సుమారు 450 ఓముల నిరోధం కలుపుతారు. పేటెంటు గడువు ఏనాడో ముగిసింది గనుక పొలం, తీగ, కర్రలు, ఒక నిరోధం, ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఉన్నవారెవరైనా దానిని కట్టుకోవచ్చు.

సమస్య అంతా పొలం దగ్గరే వస్తుంది. పట్టణాలలో, చిన్న పెరళ్ళలో 200 మీటర్ల తీగ లాగడం సాధ్యం కాదు. రొద కూడా ఇప్పుడు మెరుపులకే పరిమితం కాలేదు. ఫోను ఛార్జర్లు, ఎల్.ఇ.డి. దీపాలు, సౌర విద్యుత్ ఇన్వర్టర్లు ఇంటింటా రొదను పుట్టిస్తున్నాయి. ఈ ఇబ్బందికి సమాధానంగా బెవరేజ్ మరణించిన తరువాతి దశాబ్దంలో అనేక పొట్టి ఆంటెనాలు వెలువడ్డాయి. తలకిందులైన యూ అక్షరం ఆకారంలో ఉండి 'యూ' అనే పేరుతోనే పిలువబడే ఆంటెనా 1995లోను, ఒకే స్తంభం నుండి వేలాడే కె9ఏవై చుట్టు ఆంటెనా 1997లోను, జెండా ఆకారాలు గల ఫ్లాగ్, పెన్నెంట్ ఆంటెనాలు 2000 సంవత్సరంలోను అమెరికా హామ్ పత్రిక క్యు.ఎస్.టి.లో ప్రచురితమయ్యాయి. కె9ఏవై చుట్టులోని తీగ మొత్తం పొడవు 26 మీటర్లకు మించదు. ఇంటి వెనుక స్థలంలో అది సులువుగా ఇమిడిపోతుంది.

ఈ పొట్టి ఆంటెనాలు పనిచేసే తీరు బెవరేజ్ తీగ వంటిది కాదు. ఇక్కడ తరంగం మైలు పొడవునా తోడు నడిచి విద్యుత్తును పోగుచేయదు. చుట్టులోని ఎదురెదురు భుజాలలో పుట్టే విద్యుత్తుల మధ్య ఉండే స్వల్ప దశాభేదాన్ని ఆసరాగా తీసుకొని, నిరోధం విలువను సరిగా ఎంచుకొని ఒక దిక్కును రద్దు చేస్తారు. రెండు పెద్ద విలువల భేదం మీద ఆధారపడడం వల్ల మిగిలే సంకేతం అతి స్వల్పం. 160 మీటర్లలో బెవరేజ్ తీగ అందించేది సాధారణ ఆంటెనా శక్తిలో పదోవంతు, అంతకంటే తక్కువ కాగా, ఫ్లాగ్ అందించేది దాదాపు వెయ్యోవంతు. కాబట్టి దీనికి మంచి ముందస్తు వర్ధకం తప్పనిసరి. ఆంటెనా నుండి వచ్చే కేబులు పై తొడుగు మీదుగా ఇంటి రొద లోపలికి ప్రవేశించకుండా ఫెర్రైట్ చుట్లు వాడడం కూడా అవసరం. ఈ జాగ్రత్త పాటించని వారికి చుట్టు ఆంటెనా దిక్కు లేనిదిగా కనబడి నిరాశ కలిగిస్తుంది.

సంకేతం తగ్గితే తగ్గనీ, రొదతో దాని నిష్పత్తి పెరిగితే చాలునని ఒప్పుకోవడం, అక్కరలేని దిక్కును నిరోధంలో హరించడం అనే రెండు పద్ధతులూ ఆటర్ క్లిఫ్స్, రివర్‌హెడ్‌ల నుండి వచ్చినవే. అందుకే దిగువ పట్టీల ఔత్సాహికులు ఏ కొత్త ఆంటెనాను పరీక్షించినా ముందుగా పోల్చిచూసేది బెవరేజ్ తీగతోనే. స్థలం ఉన్నవారిలో చాలామంది నేటికీ చలికాలపు రాత్రుల కోసం పంటకోతలు ముగిశాక పొలాలలో ఆ తీగను లాగి, విత్తే వేళకు చుట్టి దాచుకుంటారు.